మా మరదలు గడప కోసిన మిషను

మా మరదలిది కుట్టుపని. పరదాలు, సంచులు, కుర్చీల తొడుగులు, ఏదిచ్చినా కుడుతుంది. ఎదుటివాళ్ల మాట వింటున్నట్టు తలూపుతుంది. చేసేది మాత్రం తను అనుకున్నదే.

దాని మొగుడు, అంటే నా తమ్ముడు, మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రేపు ఇంటికి పంపుతామని ఆస్పత్రివాళ్లు అనగానే మొండికేశాడు. “నన్ను బస్తాలా మోసుకెళ్లి మంచమ్మీద పడేస్తామంటే రాను. వాకర్ తోసుకుంటూ నేనే వస్తా.”

వాడి గది గుమ్మానికి రెండు వేళ్ల ఎత్తు చెక్క గడప ఉంది. వాకర్ చక్రాలు దాన్నెక్కవు. వడ్రంగిని పిలిస్తే ద్వారబంధమంతా ఊడబెరకాలన్నాడు. రంపం పెడదామంటే పిడి నేలకు తగులుతుంది. గ్రైండరు మూలల్లోకి దూరదు.

“మల్టీటూల్ అనే కోత మిషను కొంటా వదినా. బ్లేడు గిర్రున తిరగదు, అటూ ఇటూ వణుకుతూ కోస్తుంది. మూలకీ అందుతుంది” అంది.

“కుట్టుకునేదానివి, నీకు కోతలెందుకే?”

“ముందు కోస్తేనే కదా వదినా కుట్టేది!”

కొట్టుకి నేనూ వెంట వెళ్లాను. ఎవరో ఒకరు చూడాలి కదా.

కొట్టువాడు బ్యాటరీ మిషను చేతిలో పెట్టాడు. మరదలు దాన్ని చెయ్యి చాపి పట్టుకుని, “బరువంతా వెనక్కే లాగుతోంది. ప్లగ్గు గుమ్మం పక్కనే ఉంది, వైరుది చూపించండి” అంది. రెండు వైరు మిషన్లు ఆడించి చూసింది. ఒకటి పట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయట, పక్కన పెట్టేసింది. “ఈ వేళ్లే నాకు అన్నం పెట్టేవి” అంది. వేగం తగ్గించే మీట ఉన్నది తీసుకుంది. వేరే కంపెనీ బ్లేళ్లు కూడా పడతాయో లేదో బిగించి చూపించమంది.

కొట్టువాడు బ్లేళ్ల పెద్ద డబ్బా ముందుకు తోశాడు.

“అన్నిటికీ పనికొస్తాయమ్మా.”

“పట్టుకీ గోనెకీ ఒకే సూది వేస్తామా బాబూ? మా గడప చివర మేకులున్నాయి. చెక్కనీ మేకునీ కోసేది ఇవ్వండి చాలు.”

ఇంటికొచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, నేల మీద కూర్చుంది. గడప కింద కూడా బండ పరిచి ఉందో లేదో సందులో సూది గుచ్చి చూసుకుంది. మిషను పెట్టి గట్టిగా నొక్కింది. పొగ లేచింది, చెక్క నల్లబడింది.

“కోయమంటే వేయిస్తున్నావేమే!” అన్నాను.

మిషను ఆపి, ఒక్క క్షణం బ్లేడు వంక చూసింది. పని నేర్చుకోవడానికొచ్చే అమ్మాయిలకు రోజూ చెప్పే మాట తనకే చెప్పుకుంది: “గుడ్డని తోయకూడదు, మిషనే లాక్కోవాలి.”

వేగం తగ్గించి, చెయ్యి తేలిక చేసి, బ్లేడును కొద్దికొద్దిగా అటూ ఇటూ జరుపుతూ పోయింది. మేకు తగిలి చప్పుడు మారింది. నొక్కలేదు. మేకు తెగింది. రెండో చివర కూడా అలాగే కోసి, ఉలితో లేపితే గడప ఒక్క ముక్కగా ఊడొచ్చింది. అడుగున బండ నున్నగా ఉంది.

మర్నాడు తమ్ముడు వాకర్ తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చి, అలవాటు కొద్దీ కాలెత్తబోయాడు.

“కాలెత్తకు, తోసుకురా!” అని లోపల్నుంచి కేకేసింది.

వాడు నేలవైపు చూశాడు, పెళ్లాంవైపు చూశాడు. గబగబా తోసుకెళ్లి మంచమ్మీద కూర్చున్నాడు.

నా గది గడప కూడా తీసెయ్యమన్నాను. నా మోకాళ్లకేం రోగం? చీపురుకి అడ్డం తగులుతోందని.