మా మావ దగ్గు, గోడ మీది టీవీ

ఆ రోజుల్లో నాకు త్రికోణమంటే అమితమైన భక్తి. విజయనగరంలో ఎంబీఏ ముగించి బయటపడేసరికి, లోకంలో ఏ వ్యాపారమైనా త్రికోణంగానే ఉంటుందనీ, అడుగున అమ్మేవాళ్ళు, మధ్యలో అజమాయిషీ చేసేవాళ్ళు, కొసన ఆలోచించేవాళ్ళు ఉంటారనీ, ఎవరికి తగ్గ సమాచారాన్ని వాళ్ళకు కంప్యూటరు వడ్డిస్తుందనీ గట్టిగా నమ్మాను. పుట్టింది కొట్టు వెనక గదిలో, నడక నేర్చింది బస్తాల మధ్య, ఏ వస్తువునైనా సగానికి అడిగే వంశం. అలాంటివాణ్ణి కాలేజీ ఫీజు మాత్రం మారుమాట లేకుండా కట్టేశాను. నా బుర్రను అప్పుడే అనుమానించాల్సింది.

ఆమదాలవలసలో మా మేనమావది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. రైలు దిగిన పెళ్ళివారు సారె సామాన్లకు నేరుగా అక్కడికే వచ్చేవారు. మావ విజయనగరంలో రెండో కొట్టు తెరుద్దామనుకుంటున్నాడు. దాని గల్లాపెట్టె ముందు ఎవరు కూర్చోవాలి, నేనా, మావ కొడుకైన మా బావా అన్నదే ఆ ఏడు మా ఇళ్ళలో నలిగిన ప్రశ్న. "నీ సదువేటో నా కొట్లో సూపించు. ఈ పెళ్ళిళ్ళ రోజులు దాటేలోగా నాకు నచ్చితే ఇజీనారం కొట్టు నీదే," అన్నాడు మావ.

వెంటనే విశాఖ నుంచి ఒక సాఫ్ట్‌వేరు ఆయన్ని పిలిపించాను. వస్తూనే తెల్లకాగితం మీద త్రికోణం గీశాడు కాబట్టి మా బావ ఆయనకు త్రికోణం గారని పేరు పెట్టేశాడు. అడుగు మెట్టున బిల్లులు కొట్టే వ్యవస్థ, దాని పైన ఏ సరుకు కదిలిందో ఏది కదల్లేదో చెప్పే రిపోర్టులు, ఆ పైన "ఇంత తగ్గిస్తే ఏమవుతుంది?" అనడిగితే జవాబిచ్చే నిర్ణయ సహాయ వ్యవస్థ, కొసన యజమాని ఒక్క చూపులో వ్యాపారమంతా గ్రహించే డ్యాష్‌బోర్డు. అన్ని మెట్లకు మనుషులు కావాలి కదా! మా కొట్లో ఉన్నది ముగ్గురమే, అందులో నేను జీతం లేనివాణ్ణి. బిల్లు కొట్టేది బావ, దాని రిపోర్టు చదివేదీ బావే. (పొద్దున తను అమ్మిన బిందెల సంగతి సాయంత్రం కంప్యూటరు తనకే చెబుతుంటే "అవునా!" అని ఆశ్చర్యపోవడం కూడా వాడి ఉద్యోగంలో భాగమైంది.)

నిజానికి ఆ కొట్లో అంతకుముందే ఒక వ్యవస్థ ఉంది. అది మా మావ దగ్గు. బేరం ముదిరాక బావ "ఓనరు గారిని అడగాల" అని వెనక్కి తిరిగేవాడు. మావ కడుపునొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టేవాడు. దగ్గితే ఇక దిగొద్దని, దగ్గకుండా కండువా దులిపితే ఇచ్చేయమని అర్థం. కొన్నవాళ్ళు మావను దోచేశామన్న తృప్తితో రైలెక్కేవారు. మావ దివాలా తీసినవాడిలా లోపలికి వెళ్ళి నవ్వుకునేవాడు. ఇంత చక్కటి యంత్రాంగాన్ని నేను "అశాస్త్రీయం" అన్నాను. త్రికోణం గారు గంభీరంగా తలూపారు. దగ్గుకు బదులు, బావ సరుకు పేరు కొట్టగానే అంతకన్నా తగ్గకూడదన్న ధర యజమాని తెర మీద పచ్చగా వెలిగే ఏర్పాటు చేయించాను.

తెర కొనే దగ్గర మాత్రం మాలోని కొట్టు రక్తం మేలుకుంది. త్రికోణం గారు చిన్నది చాలన్నారు. మావా నేనూ పూటంతా గీసిగీసి బేరమాడి, ఇంచుమించు చిన్నదాని ధరకే పేద్ద టీవీ తెచ్చాం. అంత బేరమాడి తెచ్చినదాన్ని బల్ల కింద దాచుకుంటామా? "వొచ్చినోళ్ళందరికీ కనబడాల్రా, లేపోతే కొన్నదెందుకు?" అన్నాడు మావ. ఆయన కుర్చీ వెనక గోడకు, నడినెత్తికి పైన, ఇనప చట్రం బిగించి పెట్టాం. యజమాని స్థాయి సమాచారం యజమానికి కనబడాలంటే మెడ విరగాలి. ఎదురుగా నిలబడ్డ కొనుగోలుదారుకు ఆ బాధ లేదు. ఈ సంగతి మాలో ఒక్కడికీ తట్టలేదు. (అందరం బేరం చేసినవాళ్ళమే, అందులో ఒకడు ఎంబీఏ.)

మొదటి బేరం నెల్లిమర్ల పెళ్ళివారిది. పెళ్ళికూతురి పెద్దమ్మ ముందు నడిచింది, మిగతావాళ్ళు వెనక. ఇత్తడి గుండిగ చూపించి ధర అడిగింది. బావ ఆకాశాన్నంటే ధర చెప్పాడు.

"ఏటి బాబూ, బంగారంతో పోత పోసినారేటి?"

"ఓనరు గారిని అడగాలమ్మా," అని బావ మీట నొక్కాడు. మావ నెత్తి మీద పచ్చ అంకె వెలిగింది. మావ కడుపునొప్పి మొహం పెట్టి, "అసలుకే రాదు తల్లీ," అన్నాడు.

పెద్దమ్మ ఆ మొహం చూడలేదు. దానికి జానెడు పైన చూసింది. "మరి మీ టీవీ అలాగ సెప్పట్లేదు గదా?"

మావ దగ్గాడు. పచ్చ అంకె చలించలేదు. ఇంకా గట్టిగా దగ్గాడు.

"శొంఠి నమలండి బాబూ, తగ్గిపోద్ది. ముందర ఆ దరకి ఇచ్చీండి."

మావ మెడ విరిచి పైకి చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. విజయనగరం కొట్టు నాకు అందకుండా పోతోందని ఆ చూపే చెప్పింది. అబద్ధాల్లో తలపండినవాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి కదా, "అది ఇక్కడి దర కాదమ్మా, మా ఇజీనారం కొట్టుది. కొత్తగా పెట్టినాం, అందుకే తగ్గించినాం," అనేశాను.

పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. "ఇజీనారమేటి? మా పక్కూరే గదేటి! ఇంత దూరం రైలెక్కి ఎందుకొచ్చినామే? ఓసే, లెగండే. ఆ కొట్టు ఏ ఈదిలో ఉన్నాదో సెప్పు బాబూ."

లేని కొట్టుకు ఏ వీధి చెప్పను? "బోర్డు... రాయిస్తన్నాం," అన్నాను. బావ నవ్వాపుకోలేక గుండిగలో తల దూర్చాడు. చేతికొచ్చిన బేరం రైలెక్కిపోతుంటే మావ కండువా దులిపాడు. సారె మొత్తం పచ్చ అంకెలకే పోయింది. ప్రతి సరుకుకూ బావ కన్నా ముందు పెద్దమ్మే టీవీ చదివేది.

వాళ్ళు గుమ్మం దాటాక మావ నోరు విప్పాడు. "ఒరే, దొంగకి తాళం సెవి ఇచ్చి ఏ గదిలో ఏటున్నాదో కూడా సూపించమన్నారేట్రా మీ కాలేజీలో?" టీవీ ఆ సాయంత్రమే దిగిపోయింది. నేను బట్టలు సర్దుకున్నాను.

కానీ త్రికోణం గారి మెట్లన్నీ కలిపినా ఆ పెద్దమ్మ నోటికి సాటి రావు. కొన్నాళ్ళకే నెల్లిమర్ల జనం విజయనగరం బజారులో "ఆమదాలవలసోళ్ళ కొత్త కొట్టు" కోసం వెతకడం మొదలుపెట్టారు. అది దొరకక కొందరు మా దగ్గరికొచ్చి దెబ్బలాడారు. మావ నన్ను పిలిచాడు. "కొనీవోళ్ళు ముందొచ్చీసినారు, ఇంక కొట్టు రాకపోతే పరువేటి? నీ అబద్దం నువ్వే నడుపుకో, ఎల్లు. అయితే ముందు దగ్గడం నేర్సుకో."

ఇప్పుడు విజయనగరంలో నా కుర్చీ వెనక గోడ బోసిగా ఉంటుంది. కృత్రిమ మేధ అంటూ ఎవరైనా కొత్త త్రికోణంతో వస్తే టీ ఇప్పించి, విని, దగ్గి పంపించేస్తాను. ఆమదాలవలసలో ఆ ఇనప చట్రం ఇంకా గోడకే ఉంది. మావ దానికి కండువా తగిలిస్తాడు. వెళ్ళినప్పుడల్లా, దాని కింద మెడ పైకెత్తి మురిసిపోతున్న ఒక ఎంబీఏ కుర్రాడు నాకు కనిపిస్తాడు. వాడి మీద నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. పైకి నవ్వితే బాగుండదని దగ్గుతాను. కునుకు తీస్తున్న మావ ఉలిక్కిపడి లేచి, "ఎంతకి అడుగుతన్నారేట్రా?" అంటాడు.