మిక్సర్ పక్కన మా అత్త

మా అత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను ఆవిణ్ణి చూడ్డానికే బరంపురం బస్సులో వస్తున్నాను. పొద్దున్నే టీ తాగి, వరండాలో కూర్చుని స్పీకర్ల వైర్లు చుడుతూ అలాగే పక్కకి ఒరిగిపోయిందట. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. "ప్రశాంతంగా పోయింది" అని వచ్చినవాళ్ళందరూ నన్ను ఓదార్చారు. మా అత్త ప్రశాంతంగా చేసిన పని నాకైతే ఒక్కటీ గుర్తు లేదు.

ఆవిడ మా నాన్నకి చెల్లెలు. మావయ్య బరంపురంలో పెళ్ళిళ్ళకీ సంబరాలకీ సౌండు సెట్టు అద్దెకి తిప్పేవాడు. పిల్లలు లేరు. ఆయన వెంట తిరిగి అత్త కూడా పని నేర్చుకుంది. మైకులూ పాటలూ కలిసే మిక్సర్ నుంచి ఆంప్లిఫయర్‌కి, అక్కణ్ణుంచి స్పీకర్లకి, ఇంకో జత వైర్లు రికార్డరుకి. "ఆంప్లిఫయర్ ఆకర్న ఎయ్యాల, ముందుగా ఆపాల. నేకపోతే స్పీకర్లు టప్పుమని గుండె బద్దలు సేసుకుంటాయి" అనేది.

మావయ్య పోయి, కర్మలు ముగిసిన సాయంత్రమే పెద్దనాన్న తీర్పు చెప్పేశాడు. "పాత్రపూర్లో ఒకడు సెట్టు అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం. మొగుడు పోయిన ఆడది పెళ్ళి పందిళ్ళల్లో బాక్సులు మోస్తూ తిరుగుతాదేటి?"

"మొయ్యడానికి మనుసులున్నారు అన్నయ్యా" అంది అత్త. "మీట నొక్కడానికి నా ఏలు సాలదేటి?"

సెట్టు అమ్మలేదు. ఆ తర్వాత వచ్చిన మొదటి పెళ్ళి దిగపహండిలో. ఆదివారం కావడంతో నేనూ తోడు వెళ్ళాను. వైర్లు కలిపి, పాటలు మొదలుపెట్టాం. పెళ్ళికొడుకు పీటల మీదకి వచ్చే వేళకి పెళ్ళికూతురి తండ్రి చేతులు నలుపుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. వెనక కుర్చీలో ఆయన ముసలి తల్లి మావైపే చూస్తోంది.

"అమ్మా, ఏటనుకోకు. పెద్దోళ్ళు గదా, ఆళ్ళకి పట్టింపు. తాళి కట్టేదాకా నువ్వెల్లి వేన్లో కూకో. ఇక్కడ మావోడు సూసుకుంటాడు."

అత్త హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంది. "ఎల్తాను బాబూ. నా మిక్సరూ నాతోనే ఎల్తాది."

బెదిరిస్తోందనుకున్నాడాయన. పాట సగంలో ఉంది. అత్త పాట గొంతు మెల్లగా తగ్గించి, ముందు ఆంప్లిఫయర్, తర్వాత మిక్సర్ ఆపి, ఒక్కొక్క వైరూ పీకి చుట్టడం మొదలుపెట్టింది. తొందర లేదు, తిట్టు లేదు. పందిరంతా ఒక్కసారి మూగబోయింది. మైకు లేక పురోహితుడి మంత్రం మొదటి వరస దాటలేదు. "ఎంత పొగరు!" అని ఎవరో అన్నారు. వంటల డేరా వెనకనుంచి ఒక నడివయసు ఆవిడ, బోసి మెడతో, మాకిద్దరికీ టీ తెచ్చి ఇచ్చింది. పెళ్ళికూతురి సొంత మేనత్త. ఆవిడా పందిట్లోకి రాకూడని మనిషే.

వేను కదిలాక అత్త కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తున్నావా?"

"ఏడుపేటే గుంటా! కోపం. కోపానికీ కళ్ళు తడుస్తాయి."

ఆ పెళ్ళిళ్ళ కాలమంతా మళ్ళీ ఎవరూ పిలవలేదు. సెట్టు మీద దుప్పటి కప్పి ఉండేది. "అప్పుడే చెప్పాను" అంటూ పెద్దనాన్న వచ్చి వెళ్ళేవాడు. అత్త రోజూ దుప్పటి తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ కప్పేది.

ఎండలు ముదిరాక గోపాలపూర్ నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు వచ్చారు. గంగమ్మ సంబరానికి సెట్టు కావాలన్నారు.

"ముందే సెబుతున్నాను, మొగుడు పోయినదాన్ని" అంది అత్త.

వాళ్ళలో పెద్దావిడ నవ్వింది. "మా ఈదిలో సగంమంది మొగుళ్ళు సముద్రంలోనే ఉన్నారు. మొగుడు పోయినోళ్ళు ఒద్దంటే సంబరం ఎవులు సేత్తారు తల్లీ?"

ఆ ఇసకలో అత్త మిక్సర్ పెట్టి, వాళ్ళ పాటలు రికార్డు చేసింది. సముద్రం హోరు మీద ఆ గొంతులు గట్టిగా లేచేవి. "సౌండు తగ్గించండి" అని పక్కనుంచి ఎవరో అరిస్తే, స్పీకర్ల గొంతు తగ్గించి రికార్డరుది ముట్టుకోలేదు. నాతో అంది: "జనానికెల్లే దారి ఏరు, దాసుకునే దారి ఏరు. అక్కడ తగ్గించమంటే తగ్గించు. ఇక్కడ మాత్రం తగ్గించకు." ఆ మాట నాకు ఆఫీసులో చాలాసార్లు పనికొచ్చింది.

గోపాలపూర్ తర్వాత పిలుపులు మొదలయ్యాయి. ఒడియా వాళ్ళ ఇళ్ళనుంచి, మనవాళ్ళ ఇళ్ళనుంచి. కొన్నేళ్ళకి ఆ దిగపహండి పెద్దమనిషే వచ్చాడు, చిన్నకూతురి పెళ్ళికి. ఆ పిల్ల అత్తనే పిలవాలని పట్టుపట్టిందట.

"వస్తాను. ఒక మాట మీద" అంది అత్త. "ఆ రోజు డేరా ఎనక మాకు టీ ఇచ్చిన మీ సెల్లెలు, పందిట్లో నా పక్కన కూకోవాల. హారతి పాట మైకులో ఆవిడే పాడాల."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "మా అమ్మ ఒప్పుకోదు."

"అయితే నన్ను పిలవకు."

ఆయన ఒప్పుకున్నాడు. పెళ్ళినాడు ఆ చెల్లెలు మైకు ముందుకొచ్చింది గానీ గొంతు పెగల్లేదు. అత్త తన హెడ్‌ఫోన్స్ తీసి ఆవిడ చెవులకి పెట్టింది. "జనాన్ని ఒగ్గీ. నీ గొంతు నువ్వే ఇనుకో." మొదటి చరణం వణికింది. రెండోదానికి పందిట్లో మాటలు ఆగాయి. ముసలావిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది, భోజనాలదాకా బయటికి రాలేదు. ఆవిడ మారలేదు. మా అత్త ఆవిణ్ణి బతిమాలలేదు. పెళ్ళి మాత్రం ఎక్కడా ఆగకుండా జరిగింది.

అత్తని తీసుకువెళ్ళిన రోజు గోపాలపూర్ ఆడవాళ్ళు బస్సు దిగి నేరుగా పాడె వెనక నడవడం మొదలుపెట్టారు. శ్మశానం మలుపు దగ్గర పెద్దనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడోళ్ళు ఇక్కడాగాల."

"ఆగం బాబూ" అంది ఆ పెద్దావిడ. కోపంగా కాదు, దారి చెబుతున్నట్టు. నేను ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడ్డాను. పెద్దనాన్న నా మొహంలోకి చూశాడు. ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. చెయ్యి దానంతటదే కిందికి జారింది.

మిట్టమధ్యాహ్నం. ముందు పాడె, వెనక ఎరుపూ పసుపూ నీలం చీరలు. గేటు కాపలావాడు ఒక రెక్క మూయబోతూ మమ్మల్ని చూసి ఆగాడు. గొళ్ళెం వదిలేసి, రెండో రెక్క కూడా బార్లా తెరిచి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు, మేమంతా లోపలికి వెళ్ళేదాకా.