తల మునిగిన నీళ్ళు

గాంధీపురంలో బస్సెక్కినప్పటి నుంచీ ప్రార్థన చేస్తూనే ఉన్నాను. నేను బాప్తిస్మం తీసుకున్నానని తెలిసి మా నాయన తల మునిగాడు. చావు జరిగిన ఇంట్లో చేసినట్టు తలకు నీళ్ళు పోసుకుని, తనకిక కూతురు లేదన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ గడప తొక్కబోతున్నది, బస్సెక్కిన ఈ రోజే. ఆయన చెయ్యి ఎంత బరువో చిన్నప్పటి నుంచీ నా వీపుకు తెలుసు.

అందరూ అరవం మాట్లాడే ఆ బస్సులో నేను తెలుగులో గొణుక్కుంటుంటే పక్క సీటు ముసలావిడ తిరిగి చూసింది. బొట్టులేని నుదురు, పువ్వుల్లేని జడ చూసి జాలిపడింది.

"అయ్యో పాపా, ఇంత చిన్న వయసులో మొగుడు పోయినాడా?"

"లేదవ్వా, ఏసయ్యను నమ్ముకుంటిని. మా నాయన నాకు తల మునిగినాడు."

అనేశాక భయమేసింది. మాటను బట్టి ఆవిడ మా కులం మనిషే. బస్సులోనే తిట్టిపోస్తుందేమో.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేనూ నా కొడుక్కి మునిగితి పాపా, వేరే కులం పిల్లని కట్టుకున్నాడని. తల ఆ పొద్దే ఆరిపోయె. కళ్ళే ఇంకా ఆరలేదు."

అవినాశిలో దిగబోతూ నా చెయ్యి పట్టుకుని కొడుకు పేరు చెప్పింది. "మీ సామి కాడ వాని గురించి ఒక మాట చెప్పు."

అంతవరకూ నాయన నుంచి నన్ను కాపాడమనే ప్రార్థించేదాన్ని. బస్సు కదిలాక ఆవిడ కొడుకు కోసం ప్రార్థించాను. తర్వాత, మొదటిసారి, నాయన కోసం.

మా ఇంటి తలుపు తట్టాను. గడియ తీస్తున్న చప్పుడుకు కళ్ళు మూసుకున్నాను.

ఆవిడ కొడుకు పేరు ఇప్పటికీ నా ప్రార్థనలో ఉంది. ఎప్పుడైనా మరిచిపోతే నాయనే గుర్తు చేస్తాడు.