పొగ లేని భవనం

మా భవనంలో మెట్ల కింద ఇస్త్రీ బల్ల వేసుకున్న మనిషిని చిన్నా పెద్దా అందరం బాబాయి అనే పిలుస్తాం. బల్ల వెనక ఉన్న ఒంటి గదిలో ఆయనా పిన్నీ కాపురం. పక్క వాటా నాదే కాబట్టి వాళ్లింట్లో చెంచా కింద పడినా నాకు వినిపిస్తుంది. ఇక పిన్ని దగ్గు సంగతి చెప్పాలా?

అప్పట్లో ఆయనది బొగ్గుల పెట్టె. బరువైన ఇత్తడిది. నిప్పులు మందగించినప్పుడల్లా పెట్టెను చేత్తో అటూ ఇటూ ఊపితే మళ్లీ రాజుకునేవి. ఆ పొగ సగం పిన్ని గుండెల్లోకీ, సగం మెట్ల వెంట పైకెక్కి మా భవన సంఘం కార్యదర్శి గారి హాల్లోకీ వెళ్లేది. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాం గానీ, పొగబెట్టాడని పొమ్మనడం మా సంఘంలోనే చూశాను. కరెంటు పెట్టె కొంటావా, చోటు ఖాళీ చేస్తావా అని కార్యదర్శి గారు నిలదీశారు. కర్బనం వల్ల భూగోళం ఎలా వేడెక్కిపోతోందో పెద్ద ఉపన్యాసం కూడా ఇచ్చారు. అదీ కారులో కూర్చుని, లోపలి చల్లదనం పోతుందని ఇంజను ఆపకుండా.

బాబాయి కరెంటు పెట్టె కొన్నాడు. మొదటి రోజే, చొక్కా మడత లొంగడం లేదని, పాత అలవాటు కొద్దీ దాన్ని పైకెత్తి జోరుగా ఊపాడు. ప్లగ్గు ఊడొచ్చింది, తీగ తెగింది, భవనం మొత్తానికి ఫ్యూజు పోయింది. కార్యదర్శి గారు లిఫ్టులో ఇరుక్కుపోయారు. ఆయన తిట్లకు ఖర్చు పెట్టిన ఊపిరిలో కర్బనం ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. కొద్ది రోజుల్లోనే పిన్ని దగ్గు తగ్గింది. గోడ అవతల నిశ్శబ్దంగా ఉంటే నాకే ఎంత హాయిగా అనిపించిందో! బాబాయిని మాత్రం పట్టుకోలేకపోయాం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, తీరిక దొరికితే చాలు, పక్క వీధిలో బొగ్గుల పెట్టె వాడే ఇస్త్రీ అతని దగ్గరికి వెళ్లి "భూగోళాన్ని మాడుస్తున్నావురా" అని కోప్పడి వచ్చేవాడు.

సంఘానికి ఏదో పురస్కారం కూడా వచ్చింది. గేటు మీద "పొగ లేని భవనం" అని పెద్ద దీపాల బోర్డు లేచింది. దాన్ని వెలిగించడానికి మేడ మీద సౌర పలకలు పరిచారు.

సరిగ్గా అప్పుడే బాబాయి చెల్లెలు వచ్చింది. ఆవిడ భర్తది విద్యుత్ కేంద్రంలో పని, బట్టీలకు బొగ్గు అందించే చోట. కాపురం ఆ పొగగొట్టాల నీడలోనే. మనిషి సగమైపోయింది. గుక్క తిప్పుకోనివ్వని దగ్గు. పొగకు దూరంగా ఉంచండి అని డాక్టరు చెప్పాడు.

"ఇక నీకేం భయంలేదమ్మా," అన్నాడు బాబాయి. "మా బోర్డు చూశావుగా. ఇక్కడ పొగన్న మాటే లేదు."

ఆవిడ నవ్వబోయి దగ్గింది. "ఇక్కడే ఉండిపోతే బాగుండును, మరి మీ బావకి వండిపెట్టేదెవరు? మీ ఊళ్లో కరెంటు వాడకం పెరిగిందట అన్నయ్యా. మా ఇళ్ల వెనక ఇంకో పొగగొట్టం కట్టారు. తెల్ల బట్ట ఆరేస్తే నల్ల బట్ట తీసుకోవాలి."

బాబాయి చేతిలో పెట్టె ఆగిపోయింది. "అయితే దీనిలోకి వచ్చేది కూడా బావ వేసే బొగ్గేనా?"

"మరి కరెంటేమైనా చెట్లకు కాస్తుందా?"

పొగ పోయిందని మురిసిపోయాడు పాపం. అది చిరునామా మార్చుకుందంతే.

ఆ సాయంత్రమే బాబాయి కార్యదర్శి గారి ముందు నిలబడ్డాడు. నేనూ వెంట వెళ్లాను.

"అయ్యా, మేడ మీది కరెంటు నా పెట్టెకి ఇప్పించండి. మా చెల్లెలి ప్రాణం పోతోంది."

"అదంతా బోర్డుకే సరిపోతుందయ్యా," అన్నారాయన. "బోర్డు ఆరిపోతే మనది పొగ లేని భవనమని ఎవరికి తెలుస్తుంది?"

నాకు ఒళ్లు మండింది. "తెలిసి ఎవరికి ఒరిగింది?" అన్నాను. దాన్ని సమావేశంలో చర్చిద్దామన్నారు. ఆ సమావేశం ఇంకా జరగలేదు.

చెల్లెలు తిరిగి వెళ్లే రోజు పొద్దున బాబాయి ఆవిడ బట్టలు బల్ల మీద పరిచాడు. అటక మీంచి ఇత్తడి పెట్టె దించాడు. గదిలో పిన్ని వైపు చూసి మళ్లీ అటకెక్కించాడు. కరెంటు పెట్టె ప్లగ్గు పెట్టాడు గానీ, స్విచ్ మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు. పైనుంచి కార్యదర్శి గారు తెల్ల చొక్కా కోసం కేకేస్తున్నారు.

సంచీ సర్దుకుంటున్న చెల్లెలు అన్న మొహం చూసింది. ఆవిడకు అర్థమైంది.

"వెయ్యి అన్నయ్యా," అంది. "అందరూ ఆపేస్తే మీ బావకి పనెక్కడ?"

బాబాయి స్విచ్ వేశాడు. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని, వినపడకుండా దగ్గడానికి చూసింది.