మూడు స్టెంట్లలో మూసుకుపోయినది

మా ఆయన నడుస్తూ నడుస్తూ మొదటిసారి ఆగిపోయిన రోజు నాకు బాగా గుర్తు. టి. నగర్‌లో, పాండీ బజార్ పేవ్‌మెంట్ మీద, ఒక చీరల షోరూం అద్దం ముందు ఆగారు. లోపల బొమ్మకు కట్టిన ఆకుపచ్చ పట్టుచీర వైపు చూస్తూ నిలబడ్డారు. నేను నాలుగడుగులు ముందుకు పోయి తిరిగి చూస్తే పక్కన మనిషి లేరు.

"ఏందండీ, పొద్దుననించీ చీరలే కదా చూస్తా ఉండారు, ఈడ కూడానా?" అన్నాను.

"ఆ కుచ్చిళ్ళు చూడు తులసీ, ఎట్టా పెట్టినారో. మా అంగట్లో ఇట్టా పెడితే ఓనరు ఊరుకోడు."

నవ్వుకున్నాను. మా ఆయన పేరు దామోదరం. ఆ బజారులోనే ఒక పట్టుచీరల అంగడిలో ముప్పై ఏళ్ళుగా సేల్స్‌మన్. నేను ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టి, కొంగులకు కుచ్చులు కడతాను. ఆయన ఇంకో అంగడి చీరకు వంక పెట్టడం మా ఇంట్లో వింత కాదు. అందుకే ఆయన వందడుగులకొక అద్దం ముందు ఆగుతున్నా, నాలుగు నెలల పాటు నాకు అనుమానం రాలేదు. పైగా ఆయన ఆగినచోటల్లా నేనూ ఆగి, ఆ చీరలకు నా వంకలు నేను పెట్టాను.

ఒకరోజు మాంబళం స్టేషన్‌కు పోతుంటే ఇనుప పైపుల అంగడి ముందు ఆగారు.

"ఈడ ఏ చీర ఉందని?" అన్నాను.

ఆయన నవ్వలేదు. కుడికాలి పిక్క పట్టుకుని, "పటకారుతో పట్టినట్టు ఉందే. రెండు నిమిషాలు నిలబడితే పోతుంది, మళ్ళీ నడిస్తే వస్తుంది" అన్నారు. అద్దాల ముందు ఆగింది ఇందుకేనని అప్పుడు తెలిసింది. ఆ నాలుగు నెలలు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

ఆయనకు షుగర్ ఉంది. తొమ్మిదేళ్ళ కిందట గుండెలో ఒక స్టెంట్ వేశారు. ఆ రోజే పొగాకు మానేశారు. అప్పటినుంచి ఛాతీలో ఏ బాధా లేదు. అందుకని ముందు గుండె డాక్టరు దగ్గరికే పోయాం. మా ఆయన పాదం మీద వేళ్ళు పెట్టి పల్స్ వెతికి, వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ తమిళావిడ, అయినా మాతో కష్టపడి తెలుగులోనే మాట్లాడేది. చీలమండకు బీపీ పట్టీ కట్టి చూశారు. తర్వాత రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్, ఆ తర్వాత సీటీ యాంజియోగ్రామ్. రెండు బ్లాకులు బయటపడ్డాయి. ఒకటి తుంటి దగ్గర, పొట్ట లోపల. రెండోది తొడలోంచి మోకాలి వెనక దాకా పొడుగ్గా ఉంది. రెండింటికీ స్టెంట్లు వేశారు.

డిశ్చార్జ్ రోజు డాక్టరమ్మ నాలుగు మాటలు చెప్పింది. "మాత్రలు ఆపొద్దు. రోజూ నడవండి. ఎక్కువసేపు కాళ్ళు మడిచి కూర్చోవద్దు. మూడు నెలలకు వచ్చి డాప్లర్ తీసుకోండి, బాగున్నా సరే."

మూడో వారం ఆయన ఇంటినుంచి స్టేషన్ దాకా ఎక్కడా ఆగకుండా నడిచారు. అద్దాలన్నీ దాటిపోతుంటే నేను వెనకబడ్డాను. "ఏమే, ఇప్పుడు నువ్వు చీరలు చూస్తా ఉండావా?" అని ఎగతాళి చేశారు. అంత సంతోషం మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఆయన పని గురించి ఇక్కడ చెప్పాలి. వాళ్ళ అంగట్లో తెల్లటి పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చీరలు చూపిస్తారు. మామూలు చీరలు నిలబడి చూపించినా పరవాలేదు గానీ, ముహూర్తం చీరను మాత్రం కూర్చుని, ఒడిలో పెట్టుకుని, అక్కడినుంచి పరుపు మీదికి పరవాలి. అది వాళ్ళ పాత సేల్స్‌మన్లు పెట్టుకున్న పద్ధతి. ఓనరు మంచివాడు, కాలి సంగతి తెలిసి ఎత్తు స్టూలు వేయించాడు. మా ఆయన ఒక్కరోజు కూర్చుని దాన్ని గోడకు జరిపేశారు.

"పెళ్ళివాళ్ళు కింద కూర్చోనుంటే నేను పైనుంచి చీర ఇసరాల్నా? అది మర్యాద కాదే" అన్నారు.

నేను గట్టిగా వాదించలేదు. ఆ పరుపు మీద ఆయన కూర్చుంటే ఎట్లా ఉంటారో నాకు తెలుసు. మా పెళ్ళిచీరను అక్కడే ఆయన ఒడిలోంచి మా అమ్మ ముందు పరిచారు.

మూడో నెలలో గుండెకు ఏటా చేయించే చెకప్ వచ్చింది. ఎకో, ట్రెడ్‌మిల్ చేశారు. "మీ స్టెంట్ నిన్న వేసినట్టుంది" అన్నారు గుండె డాక్టరు. పై వారమే కాలి డాప్లర్. అది ఆషాఢం, ఇక్కడివాళ్ళకు ఆడి తళ్ళుబడి, చీరలన్నీ డిస్కౌంటులో అమ్మే నెల. అంగట్లో కాలు పెట్టే చోటుండదు. పైగా నెల్లూరు నుంచి ఒక పాత కుటుంబం శ్రావణంలో పెళ్ళికి చీరలు తీయడానికి వస్తోంది. వాళ్ళు మా ఆయన తప్ప ఇంకెవరు చూపించినా కొనరు.

"డాప్లర్ పై నెల పెట్టుకుందామా?" అని ఆయన అడిగారు.

"గుండెదే బాగుంటే కాలిదానికేం? అదీ గొట్టమే, ఇదీ గొట్టమే" అన్నాను. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ మార్చింది నేనే. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నెల్లూరువాళ్ళు మూడు రోజులు చీరలు చూశారు. మూడోరోజు మధ్యాహ్నం ముహూర్తం చీర కుదిరింది. మా ఆయన చీర మడత పెట్టి లేవబోతే కుడికాలు లేవలేదు. తిమ్మిరి అనుకున్నారట. తోటివాళ్ళు రుద్దబోతే పాదం పాలిపోయి చల్లగా ఉంది. ఎక్కడ ముట్టుకున్నా తెలియడం లేదు. మా అమ్మాయి రేవతి ఆఫీసు నుంచి, నేను ఇంటినుంచి ఆసుపత్రికి పరుగెత్తాం.

పిక్క నొప్పి మళ్ళీ మొదలై పదిహేను రోజులయిందని అప్పుడు బయటపెట్టారు. రేవతి ఏడుస్తూ, "ఏన్ ప్పా సొల్లలే? ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంది. ఆయన దాని చెయ్యి పట్టుకున్నారు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ కాగితం మీద మనిషి బొమ్మ గీసి మూడు గీతలు పెట్టింది. "గుండెది తెరిచే ఉంది. తుంటిది కూడా తెరిచే ఉంది. అది పెద్ద నాళం, అంతగా వంగదు. కాలిది అట్లా కాదమ్మా. సన్నం, పొడుగు. అడుగు వేస్తే మెలిపడుతుంది, కూర్చుంటే మడత పడుతుంది. స్టెంట్ లోపల మళ్ళీ కండ పెరిగింది. మోకాలి వెనక స్టెంట్ విరిగింది కూడా. దాని మీద రక్తం గడ్డకట్టింది."

"డాప్లర్ తీసుంటే?" అని అడిగాను.

ఆవిడ కాగితం పక్కన పెట్టింది. "ముందే కనబడి ఉండొచ్చు. అప్పుడు ఏదో ఒకటి చేసేవాళ్ళం. నిలబడేదని మాత్రం మాట ఇవ్వలేను" అంది.

మా ఆయన మంచం మీదనుంచి అంతా విన్నారు. పట్టుచీరను ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంచితే జరీ ఆ మడత దగ్గరే చిట్లుతుంది. అందుకే మేము బీరువాలోని చీరలు అప్పుడప్పుడూ విప్పి మడత మారుస్తాం. కొన్న ప్రతి ఒక్కరికీ ఆయన ఆ మాట చెప్పి పంపేవారు.

"ఊరందరికీ చెప్తినే తులసీ," అన్నారు. "నా కాలికి మాత్రం మడత మార్చలే."

గడ్డ కరిగించి బెలూన్ వేశారు. వారానికి మళ్ళీ మూసుకుంది. ఎడమకాలి సిర తీసి బైపాస్ చేశారు. అది రెండు నెలలు పనిచేసింది. తర్వాత కుడికాలి చిటికెనవేలు నల్లబడింది, పక్కవేలూ నల్లబడింది. ఇన్‌ఫెక్షన్ పైకి పాకింది. కాలు తీసేయాలన్న రోజు ఆయన అడిగింది ఒక్కటే. "మోకాలు ఉంటుందా అమ్మా?"

"మోకాలు కాపాడతాను" అంది డాక్టరమ్మ, కాపాడింది. తుంటి స్టెంట్ తెరిచి ఉండబట్టే గాయానికి రక్తం అంది మానిందని చెప్పింది. అదే శరీరంలో ఒక స్టెంట్ ముంచింది, ఇంకో స్టెంట్ ఆదుకుంది. అదీ గొట్టమే, ఇదీ గొట్టమే అన్న నా మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఆపరేషన్ అయిన నాలుగోరోజు ఆయన దుప్పటి వైపు చూస్తూ, "కాలు మడిచి కూర్చోనున్నట్టే ఉందే, కొంచెం చాపు" అన్నారు. లేని కాలు కూడా తెలుస్తుంటుందని నర్సు చెప్పి వెళ్ళింది. నేను దుప్పటి సర్ది, "చాపినానండీ" అన్నాను. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు ఏడాదిన్నర దాటింది. కృత్రిమ కాలితో ఇంట్లో, వీధిలో నడుస్తారు. ఓనరు బిల్లుల కౌంటర్ దగ్గర కుర్చీ ఇచ్చాడు. పది రోజులు పోయి మానేశారు. అక్కడినుంచి పరుపు కనబడుతుందట. ఇప్పుడు కుర్చీలో కూర్చుని నాకు కుచ్చులకు దారం పేటలు తీసి ఇస్తారు. ఆ శ్రావణంలో నెల్లూరువాళ్ళు పెళ్ళికి పిలిచారు గానీ మేము పోలేదు. ఆ ముహూర్తం చీరకు కుచ్చులు కట్టింది నేనే, ఆయన ఆసుపత్రిలో ఉండగా.

ఎడమకాలికి మూడు నెలలకొకసారి డాప్లర్ తీయిస్తున్నాం. ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఒంట్లో ఎన్నిచోట్ల స్టెంట్ ఉంటే, డాక్టరును అన్నింటి గురించీ విడివిడిగా అడగండి. ఒకదాని రిపోర్ట్ బాగుందని ఇంకోదాని పరీక్ష వాయిదా వేయకండి.

పోయిన వారం ఆయనే అడిగితే పాండీ బజార్‌కు తీసుకుపోయాను. ఒక షోరూం అద్దం ముందు ఆగారు. నేను గబుక్కున వంగి ఎడమ పిక్క పట్టుకుని, "నొప్పా? నిజం చెప్పండి" అన్నాను, నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా.

"లేదే తులసీ," అన్నారు. "ఈసారి చీరే చూస్తా ఉండా."

నేను మాత్రం ఆయన పిక్క వదల్లేదు. చీర ఏ రంగో ఇప్పటికీ నాకు తెలియదు.