కుట్లు విప్పిన జర్కిన్

కొట్లో బేరం పల్చబడిన మధ్యాహ్నం పూట ఫోను వచ్చింది. మా పక్కింటి అబ్బాయి గండికోట దగ్గర కొండ మీది నుంచి సైకిల్ దింపుతూ పడిపోయాడని, జమ్మలమడుగు ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం పోయిందని అతని స్నేహితుడు చెప్పాడు. "ఇంట్లో నువ్వే చెప్పాల మామా. మాకు నోరు రాలేదు" అన్నాడు.

నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్లో రోజువారీ లెక్కలు రాస్తాను. మాటలు నాకూ రావు. అయినా వెళ్లాను. వాళ్లమ్మ వాకిట్లో మిషను ముందు కూర్చుని ఎవరిదో రవికె కుడుతోంది. నా ముఖం చూసి చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఆ అబ్బాయి చేసే ఉద్యోగం ఏమిటో మా వీధిలోనే సగం మందికి తెలియదు. మీలోనూ చాలామందికి తెలియకపోవచ్చు. కొండ మీది నుంచి రాళ్ల దారిలో సైకిల్ మీద దూకుతూ కిందికి రావడం అతని పని. దానికి పందాలుంటాయి. ఒక్కొక్కరినే పైనుంచి వదులుతారు, తక్కువ సమయంలో దిగినవాడు గెలిచినట్టు. సైకిల్, హెల్మెట్, చొక్కా, జీతం అన్నీ ఒక కంపెనీ జట్టు ఇస్తుంది. బదులుగా ఒంటి నిండా ఆ కంపెనీ పేరు వేసుకుని తిరగాలి.

"ఎక్కేదానికైతే జీతమియ్యొచ్చు, దిగేదానికి ఏందప్పా?" అని ఒకసారి అడిగాను.

"దిగేదే కష్టం మామా. ఎక్కేటప్పుడు కాళ్లు నొస్తాయి, అంతే. దిగేటప్పుడు భయం కూడా మనతోపాటే సీటు మీద కూచుంటాది" అన్నాడు.

వాళ్ల నాన్న కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే. పందాల నుంచి వచ్చినప్పుడల్లా అతను సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. నేను మాట్లాడకపోయినా అతనికి ఇబ్బంది లేదు. కూర్చున్నంతసేపు చేతులు ఊరికే ఉండేవి కావు. నేను కొట్టుకు తొక్కుకుంటూ పోయే పాత సైకిల్‌ను తలకిందులు చేసి, బ్రేకులు బిగించి, గాలి కొట్టి పోయేవాడు. నేను ఏనాడూ అడగలేదు. ఇప్పుడు దాని టైర్లలో ఉన్నది అతను పోయిన నెల కొట్టిన గాలే.

అతని పందెం నేను చూసింది ఒక్కటే. పులివెందుల వాళ్లమ్మ పుట్టిల్లు. ఆ పక్క గుట్టల్లో పందెం పెడితే తోడుగా రమ్మని వాళ్లమ్మ నన్ను పిలిచింది. పొద్దున్నే అతను సైకిల్ కింద వదిలేసి దారంతా నడుస్తూ కనిపించాడు. నేనూ వెంట నడిచాను. ఒక రాయి దగ్గర వంగి, దాని మీద చెయ్యి వేసి, అటూ ఇటూ ఊపి చూసి మళ్లీ నడిచేవాడు. "ముందు కాళ్లతో దిగల్ల మామా. సైకిల్ తర్వాత" అన్నాడు.

పందెం మొదలయ్యాక వాళ్లమ్మ గుట్ట వైపు వీపు తిప్పి నిలబడింది. "దుమ్ము కనిపిస్తే చెప్పన్నా" అంది. దుమ్ము కనిపించింది, అందులో నుంచి అతను వచ్చాడు. "వచ్చినాడమ్మా" అన్నాను.

"కాళ్లు చేతులు?"

"ఉండాయి."

అప్పుడుగానీ ఆమె ఇటు తిరగలేదు.

ఈ చలికాలంలో అతను జట్టు మారాడు. ఇంకొక పెద్ద జట్టు పిలిచింది. విదేశాల్లో, మంచు పడే కొండల్లో జరిగే పందాలకు పంపుతామన్నారు. ఎన్నాళ్లుగానో అతను కోరుకున్నది అదే. ఆ మాట ఊళ్లో పాకింది. టీకొట్టు దగ్గర కొట్టతను ఆపాడు.

"ఏమప్పా, నువ్వు గూడా కండువా మార్చినావంటనే?"

"లీడర్లకు కొత్త కండువా కప్పినాకనే పాతది తీస్తారు మామా. మాకు ముందు చొక్కా పెరుక్కుంటారు" అన్నాడు. అక్కడున్న అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

అది నిజమే. పాత జట్టుతో ఒప్పందం అయిపోగానే సైకిల్, హెల్మెట్ తిరిగి పంపేయాలి. కొత్త జట్టు సైకిల్ కొత్త సంవత్సరంలోగానీ రాదు. ఆ మధ్య రోజుల్లో పాత పేరు ఒంటి మీద కనిపించకూడదు, కొత్త పేరు వేసుకోకూడదు. పాత జట్టు నీలం జర్కిన్ ఒకటి మాత్రం ఉంచుకోనిచ్చారు, దాని మీది గుర్తులు తీసేసే షరతు మీద. వాళ్లమ్మ కత్తెర మొనతో ఆ కుట్లు విప్పుతుంటే నేను అరుగు మీద ఉన్నాను.

"నిదానంగా అమ్మా, బట్ట చినుగుతాది" అన్నాడు అతను.

"రవికెలు కుట్టేదానికి నువ్వు నేర్పిస్తాండావా? పో ఆ పక్కకి."

గుర్తులు ఊడాయి. చుట్టూ ఎండకు వెలిసిపోయిన నీలం, వాటి కింద మాత్రం కొన్ననాటి ముదురు నీలం. ఆమె వేలితో తడిమి చూసింది. "ఇదేందిరా, ఇంత బాగా కనిపిస్తాంది?"

"కొత్త గుర్తు దీనికంటే పెద్దది లే అమ్మా. దీని మీదనే కుడితే కప్పేస్తాది."

సైకిల్ లేకుండా అతను ఉండలేకపోయాడు. ఏ జట్టూ లేని రోజుల్లో తొక్కిన సొంత సైకిల్ గోడకు వేలాడుతుంటే దింపి తుడిచాడు. "కొత్తది వచ్చేదాంక ఆగరాదా?" అన్నాను. "ఈ నెల ఊరికుంటే భయం మళ్లా కొత్తగా మొదలైతాది మామా" అన్నాడు.

గండికోట దగ్గరి ఆ దారి అతనికి బాగా తెలుసు. ఆ రోజు కూడా ముందు నడిచి చూశాడని స్నేహితుడు చెప్పాడు. దారిలో తప్పేమీ లేదు. మధ్యలో ఒక బండ ఉంది. దాని అంచు నుంచి అతను ఎప్పుడూ దూకేవాడు. జట్టు సైకిల్‌కున్న షాకబ్జర్లు ఆ దెబ్బను మింగేసేవి. పాత సైకిల్ షాకబ్జర్లు అంత దెబ్బ తట్టుకోలేవు. కింద ఉన్నది పాత సైకిలని అతనికి తెలుసు. చేతులకు తెలియలేదు. ఎప్పటి వేగంతోనే వచ్చాడు, ఎప్పటిలాగే దూకాడు.

జమ్మలమడుగు ఆసుపత్రిలో గది దాకా వచ్చి వాళ్లమ్మ తలుపు వైపు వీపు తిప్పి నిలబడిపోయింది. నేను లోపలికి పోయి చూసి బయటికి వచ్చాను.

"కాళ్లు చేతులు?" అంది.

"ఉండాయమ్మా" అన్నాను.

మా కొట్లో నుంచే తెల్లబట్ట పోయింది. వాళ్ల నాన్నకు టికెట్టు దొరకలేదు. స్నేహితుడు ఫోను పైకెత్తి పట్టుకుంటే అందులో నుంచే చివరి చూపు చూశాడు.

తర్వాత కుర్రాళ్లు వీధి మొదట్లో ఫ్లెక్సీ కడదామన్నారు. ఉన్న ఫోటోలన్నిటిలో ఎద మీద పాత కంపెనీ పేరే. వాళ్లకు ఫోను చేస్తే చాలా బాధపడ్డారు. ఒప్పందం అయిపోయింది కాబట్టి మా పేరు రానివ్వకండి అన్నారు. కొత్తవాళ్లూ బాధపడ్డారు. ఇంకా మొదలు కాలేదు కాబట్టి మా పేరు వేయకండి అన్నారు. కుర్రాళ్లకు కోపం వచ్చింది. "వీళ్లూ కాదని, వాళ్లూ కాదని అంటే, ఇంగ వాడు ఎవరోడు మామా?" అని నన్ను అడిగారు.

వాళ్లమ్మ లోపలి నుంచి విన్నది. "నా కొడుకు. ఇంగెవరోడు?" అంది. "ఏ ఫ్లెక్సీ వొద్దు. పోండి నాయనా."

నిన్న కొట్టుకు బయలుదేరుతుంటే వాళ్ల వాకిట్లో తీగ మీద జర్కిన్ ఆరేసి ఉంది. ఎద మీద ముదురు నీలం పలక, వీపు మీద ఇంకొక పొడుగాటి పట్టీ. చుట్టూ సూది రంధ్రాలు. ఎప్పుడో ఆరిపోయి గాలికి తేలిగ్గా లేచి పడుతోంది. వాళ్లమ్మ దాని వైపు వీపు తిప్పి మిషను తొక్కుతోంది. నా సైకిల్ చప్పుడు విని కాళ్లు ఆపింది గానీ ఇటు తిరగలేదు.

"ఆరిందా అన్నా?"

"ఇంకా ఆరలేదమ్మా" అన్నాను.