అక్క తినని రొట్టె

కడుపు ఉబ్బరించినా, విరేచనాలు పట్టుకున్నా బేకరీ మాస్టరుకి ఒకటే మందు: తన పొయ్యిలోంచి తీసిన రొట్టెను కరకరలాడేలా మళ్లీ కాల్చి తినడం. తండ్రి నేర్పిన వైద్యం అది. తింటున్నకొద్దీ మనిషి చిక్కి సగమయ్యాడు గానీ మందు మాత్రం మానలేదు. లోకంలో ఎవరినైనా అనుమానించేవాడు, తన రొట్టెను తప్ప. అంత నమ్మకం మహానుభావుడికి!

చివరికి రక్తపరీక్ష చేసి, పేగులోంచి చిన్న ముక్క తీసి చూశాక డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది.

"మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. మీలో అవి గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు పదార్థాన్ని శత్రువనుకుంటున్నాయి. దాంతో పోరాడుతూ మీ పేగునే పాడు చేస్తున్నాయి. ఇందుకు వీలిచ్చే జన్యువులు పుట్టుకతో వస్తాయి. అవి ఉన్నవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. మీకైంది. మీ అమ్మాయికీ పరీక్ష చేయించండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదండీ" అని ఠక్కున అనేశాడు. బస్సెక్కాక గుర్తొచ్చింది. కౌంటర్లో కూర్చునే అక్క ఏళ్ల తరబడి రొట్టె ముట్టలేదు. "వాసనకే కడుపు నిండిపోతుంది" అనేది. అందరూ నవ్వేవారు.

దుకాణంలో అడుగుపెడుతూనే అడిగాడు. "అక్కా, నువ్వు రొట్టె ఎందుకు తినవు?"

గాజు అలమర తుడుస్తున్న అక్క గుడ్డ పక్కన పెట్టింది.

"నాకీ జబ్బని తేలినప్పుడే డాక్టర్లు నీకూ పరీక్ష చేయించమన్నార్రా. నాన్న పోయిన కొత్త. నీకూ ఉందని తేలి నువ్వు పొయ్యి వదిలేస్తే మన గతేంటి? నీకు రాదులే అనుకున్నా."

"నొప్పితో మెలికలు తిరుగుతుంటే నీ చేత్తోనే రొట్టె తెచ్చిచ్చావు కదే!"

మాస్టరుకి కడుపు రగిలిపోయింది. లోపలి కాపలా కణాలు పొరపాటు పడ్డాయి, పాపం. అక్క పొరపాటు పడలేదు. తెలిసే చేసింది.

"నన్నెంతైనా తిట్టు. పిల్లకి మాత్రం చెప్పకు. మన తర్వాత ఈ పొయ్యికి అదొక్కతే దిక్కు" అని గొణిగింది.

అంతలో లోపల్నుంచి కూతురు వచ్చింది. ఒక చెయ్యి పొట్టమీద, రెండో చేతిలో కాల్చిన రొట్టె ముక్క.

"కడుపులో మళ్లీ తిప్పుతోంది నాన్నా. అందుకే ఇది కాల్చుకున్నా. నీకూ సగం ఇవ్వనా?"

మాస్టరు ఆ ముక్క అందుకుని కౌంటరు మీద, అక్క ముందు పెట్టాడు.

"ఇలా కూర్చో తల్లీ. మీ అత్త నాకు చెప్పని మాట నీకు చెప్పాలి."